అష్టదిక్కుల కార్డుతో హాంగ్‌కాంగ్

ఎయిర్‌పోర్ట్ కౌంటర్‌లో ఆక్టోపస్ కార్డు కొన్నాను. దాని మీద చైనీస్‌లో మూడు అక్షరాలు ఉన్నాయి. ఏమని రాసి ఉందని అడిగితే కౌంటర్‌లోని అమ్మాయి ఓపిగ్గా చెప్పింది. కాంటనీస్‌లో 'బాట్ దాట్ తుంగ్' అట. ఎనిమిది వైపులకూ చేర్చేది అని అర్థం. మనం అష్టదిక్కులు అంటామే, అచ్చంగా ఆ లెక్కే. 1997లో మొదలైన ఈ కార్డు ఉంటే మెట్రో, బస్సు, ట్రాం, పడవ, చివరికి వీధి చివర కొట్టులో మంచినీళ్ళ సీసా దాకా అన్నీ అయిపోతాయి. ఆడదానివి, ఒక్కదానివే ఎలా తిరుగుతావని ఇంట్లో అందరికీ టెన్షన్. నాకూ లేకపోలేదు. ఆ మూడక్షరాల అర్థం విన్నాక మాత్రం కాస్త ధైర్యం వచ్చింది.

ప్రయాణం ఏర్పాట్ల గురించి ఒక్క ముక్క. భారతీయ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళు బయల్దేరే ముందే అక్కడి ఇమ్మిగ్రేషన్ వెబ్‌సైట్‌లో ప్రీ అరైవల్ రిజిస్ట్రేషన్ చేసుకుని, ఆ కాగితం ప్రింట్ తీసి దగ్గర పెట్టుకోవాలి. దానికి డబ్బు కట్టక్కర్లేదు. దాని మీద వెళ్ళిన ప్రతిసారీ 14 రోజుల వరకు ఉండొచ్చు. ఎయిర్‌పోర్ట్ నుంచి రైలులో వెళ్తే త్వరగా చేరతాం కానీ నేను కావాలనే ఏ21 బస్సు ఎక్కాను. పై అంతస్తులో ముందు సీటు దొరికింది. సింగ్ మా వంతెన మీద నుంచి చూస్తే ఎంతో కింద ఓడలు, ఎదురుగా కొండలు, ఆ కొండల నడుమ గుత్తులు గుత్తులుగా నలభై యాభై అంతస్తుల ఇళ్ళు. గురువారం సాయంత్రం, ఎండ పచ్చగా పడుతోంది. రైలు ఎక్కనందుకు సంతోషించాను.

నా బస కౌలూన్ ఒడ్డున ఉన్న చిమ్ షా చోయ్‌లో, మోడీ రోడ్ పక్క సందులో. మంచం, కిటికీ, తలుపు తప్ప ఇంక దేనికీ చోటు లేని గది. వీధి పేరు చూసి ఆశ్చర్యపోయాను. ఆ మోడీ, హోర్ముస్‌జీ నౌరోజీ మోడీ. బొంబాయి నుంచి వచ్చి ఇక్కడ వ్యాపారంలో ఎదిగిన పార్సీ. హాంగ్‌కాంగ్ విశ్వవిద్యాలయం కట్టడానికి భారీగా విరాళం ఇచ్చింది ఆయనే. అది 1911లో ఏర్పడింది.

శుక్రవారం పొద్దున్నే పడవలో సముద్రం దాటి, అవతల హాంగ్‌కాంగ్ దీవి మీదున్న సెంట్రల్ అనే పేట వైపు వెళ్ళాను. కొండవాలు వీధుల మీదుగా పైకి తీసుకెళ్ళే ఎస్కలేటర్ల వరస చూడాలని చాలాకాలంగా కోరిక. 800 మీటర్ల పొడవు, కింది నుంచి పైదాకా 135 మీటర్ల ఎత్తు. కొండ మీద ఉండేవాళ్ళు ఆఫీసులకు నడిచి దిగడానికి వీలుగా 1993లో కట్టారు. తొమ్మిదింటికి అక్కడికి చేరేసరికి మెట్లన్నీ నాకు ఎదురుగా కిందికి వస్తున్నాయి. ఒక్కటి కూడా పైకి వెళ్ళడం లేదు. బ్యాగులు, కాఫీ కప్పులు పట్టుకున్న జనం ప్రవాహంలా దిగిపోతున్నారు. ఏం చెయ్యాలో తెలియక పక్కకు జరిగి నిలబడ్డాను. కూరగాయల సంచితో వచ్చిన ఒక పెద్దావిడ నన్ను చూసి, నా చేతి గడియారం మీద వేలు పెట్టి, రెండు చేతులూ తెరిచి పది వేళ్ళు చూపించింది. పదింటి దాకా కిందికి, ఆ తర్వాత అర్ధరాత్రి దాకా పైకి. ఆవిడ మాత్రం ఆగకుండా పక్కనున్న రాతిమెట్లు ఎక్కడం మొదలుపెట్టింది. నేనూ వెనకాలే ఎక్కాను. రెండు వీధులు దాటేసరికి నాకు ఆయాసం, ఆవిడకు లేదు.

అలా ఎక్కుతూ హాలీవుడ్ రోడ్ చేరి మాన్ మో గుడికి వెళ్ళాను. 1847 నాటి గుడి. చదువుల దేవుడు, యుద్ధ దేవుడు ఇద్దరూ ఒకే గర్భగుడిలో ఉంటారు. పైకప్పు నుంచి పెద్ద పెద్ద అగరు చుట్టలు గంటల ఆకారంలో వేలాడుతూ కాలుతుంటాయి. పొగలోంచి పడే ఎండ చారల్లో బూడిద రాలుతుంటే, స్కూలు యూనిఫారంలో ఒక కుర్రాడు చదువుల దేవుడి ముందు చాలాసేపు కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. పరీక్ష ఏదో దగ్గరపడినట్టుంది.

ఇక పడవ సంగతి. నాలుగు రోజుల్లో స్టార్ ఫెర్రీ పదకొండుసార్లు ఎక్కాను. పక్కన ఇంకెవరైనా ఉంటే రెండోసారికే విసుక్కునేవారు. ఒంటరి ప్రయాణంలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే, నచ్చినదాన్ని ఎన్నిసార్లయినా చూడొచ్చు. పచ్చ, తెలుపు రంగుల పడవ. లోపల చెక్క బెంచీలు. వాటి వీపు పలక అటూ ఇటూ తిరుగుతుంది. ఈ పడవకు ముందూ వెనకా రెండూ ఒకటే. అవతలి ఒడ్డు చేరాక వెనక్కి తిప్పే పని లేదు, జనమే పలక తిప్పుకుని ప్రయాణం వైపు ముఖం పెట్టి కూర్చుంటారు. ఒడ్డు దగ్గరపడగానే నీలం రంగు నావికుల దుస్తుల్లో ఉన్న పనివాడు పొడవాటి కొక్కెం కర్రతో తాడు అందుకుంటాడు. పది హాంగ్‌కాంగ్ డాలర్లలోపు టికెట్టుకు పది నిమిషాలు సముద్రం మీద కూర్చోవచ్చు. పై అంతస్తులో గాలి బాగుంటుంది. నాకు కింది అంతస్తే ఇష్టమైంది. ఇంజిన్ దడదడ కాళ్ళకు తెలుస్తుంది, నీళ్ళు చేతికందేంత దగ్గరగా ఉంటాయి.

ఈ పడవల వెనక కూడా ఒక పార్సీయే ఉన్నాడు. దొరాబ్జీ నౌరోజీ మిఠాయివాలా 1888లో కౌలూన్ ఫెర్రీ కంపెనీ పెట్టాడు. పదేళ్ళ తర్వాత అది స్టార్ ఫెర్రీ అయింది. సముద్రం కింద సొరంగ మార్గం 1972లో గానీ రాలేదు. అంతవరకు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు వెళ్ళాలంటే పడవే దిక్కు. 1966లో టికెట్టు 5 సెంట్లు పెంచాలనుకున్నారు. ఒక యువకుడు రేవు దగ్గర నిరాహారదీక్షకు కూర్చున్నాడు. అక్కణ్ణుంచి మొదలైన నిరసన కౌలూన్‌లో అల్లర్ల దాకా వెళ్ళింది. కాళ్ళ కింద ఇంజిన్ అదురుతుంటే నా చుట్టూ చూశాను. నైట్ డ్యూటీ దిగినట్టున్న నర్సు, తలుపు గొళ్ళాల పెట్టె మోస్తున్న ముసలాయన, కునికిపాట్లు పడుతున్న విద్యార్థి. ఐదు సెంట్ల కోసం ఊరెందుకు మండిందో వాళ్ళను చూస్తే అర్థమైంది.

రాత్రి ఎనిమిదింటికి రెండు ఒడ్డుల భవనాల మీదా లైట్ల ప్రదర్శన ఉంటుంది. 1915 నాటి గడియార స్తంభం దగ్గర జనంలో నిలబడి చూశాను. బాగుంది. కానీ ప్రదర్శన అయ్యాక, జనం పలచబడ్డాక, మామూలు కిటికీల వెలుగులు నీళ్ళలో వణుకుతుంటే చూడటం ఇంకా బాగుంది.

నేను శాకాహారిని కాబట్టి తిండి గురించి బెంగ ఉండేది. వెళ్ళేముందు ఒకే ఒక్క వాక్యం నేర్చుకున్నాను. 'ఙో సిక్ జాయ్', నేను శాకాహారం తింటాను. బడిలో ఙ దిద్దాక మళ్ళీ దాన్ని వాడిన గుర్తు లేదు. ఇక్కడ 'నేను' అనాలంటేనే ఆ అక్షరంతో మొదలుపెట్టాలి. పలికిన ప్రతిచోటా ముఖాలు విచ్చుకున్నాయి. సోమవారం డైమండ్ హిల్‌లోని చి లిన్ సన్యాసినుల మఠానికి వెళ్ళాను. ఇనప మేకు లేకుండా చెక్కలో చెక్క బిగించి, చైనాను ఏలిన తాంగ్ వంశపు కాలం నాటి శైలిలో కట్టారు. దాన్ని ఆనుకుని ఉన్న నాన్ లియన్ తోటలో, జలపాతం వెనక ఒక శాకాహార భోజనశాల ఉంది. పుట్టగొడుగులు, తామర దుంపలు, మెత్తటి టోఫూ. అద్దం మీద నీళ్ళు జారుతుంటే ఒక్కదాన్నే నింపాదిగా గంటసేపు తిన్నాను.

శనివారం మొత్తం ట్రాంకే ఇచ్చాను. 1904 నుంచి నడుస్తున్న ఈ రెండంతస్తుల బండిని ఊరివాళ్ళు దాని గంట చప్పుడును బట్టి 'డింగ్ డింగ్' అంటారు. వెనక నుంచి ఎక్కి, దిగేటప్పుడు ముందు కార్డు తాకించాలి. మూడు డాలర్ల చిల్లర, ఎంత దూరమైనా అంతే. కెన్నెడీ టౌన్‌లో ఎక్కి పైన ముందు కిటికీ పట్టుకున్నాను. ఎండు చేపల దుకాణాల వాసన, తర్వాత బ్యాంకుల అద్దాల గోడలు, తర్వాత వాన్ చాయ్. అక్కడ ట్రాం వెళ్ళే జాన్‌స్టన్ రోడ్ ఒకప్పుడు సముద్రపు ఒడ్డు. 1920లలో సముద్రాన్ని పూడ్చి నేల చేశారు. ఇప్పుడు అక్కణ్ణుంచి నీళ్ళు కనిపించవు. పట్టాలు మాత్రం పాత తీరం వంపులోనే వెళ్తున్నాయి. ట్రాం ఎక్కేవాళ్ళకు నాదొక్కటే సలహా, నార్త్ పాయింట్ వెళ్ళే బండి చూసి ఎక్కండి. చివరి మలుపులో అది చున్ యంగ్ వీధి సంతలోకి దూరుతుంది. పట్టాలకు అటూ ఇటూ ఆకుకూరలు, పళ్ళు, వేలాడే మాంసం. పట్టాల మీదే జనం బేరాలు. గంట మోగితే ఒక్క అడుగు జరుగుతారు, బండి వెళ్ళాక మళ్ళీ అదే చోట నిలబడతారు. నేను దిగి, ఒక నారింజపండు కొని, జనంలో నిలబడి ఇంకో రెండు ట్రాంలకు దారి ఇచ్చాను.

ఆదివారం సెంట్రల్‌లో చూసినదాన్ని మాత్రం ఏ యాత్రా పుస్తకం మీదా వదిలేయకూడదు. హెచ్‌ఎస్‌బీసీ బ్యాంకు భవనం ముందు రెండు కంచు సింహాలుంటాయి. 1935 నాటివి. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్‌వాళ్ళు కరిగించడానికి పట్టుకెళ్తే, తర్వాత దొరికి తిరిగి వచ్చాయి. నోరు తెరిచిన సింహం ఒంటి మీద గుండు దెబ్బల గుంటలు ఇంకా ఉన్నాయి. వాటిని చూద్దామని వెళ్తే, భవనం కింద ఖాళీ స్థలమంతా ఆడవాళ్ళే. అట్టపెట్టెలు విప్పి పరుచుకుని, చెప్పులు ఓ పక్కన వరసగా పెట్టుకుని, వందల మంది. ఫిలిప్పీన్స్ నుంచి ఇళ్ళల్లో పనికి వచ్చినవాళ్ళు. ఈ ఊళ్ళో విదేశీ ఇంటి పనివాళ్ళు మూడు లక్షలకు పైగా ఉన్నారు. చట్టం ప్రకారం యజమాని ఇంట్లోనే ఉండాలి, వారానికి ఒక రోజు సెలవు. ఆ ఒక్కరోజు తమదంటూ గది లేదు కాబట్టి ఇలా బయటికి వస్తారు. కొందరు జడలు వేసుకుంటున్నారు, కొందరు ఫోన్‌లో పిల్లలతో మాట్లాడుతున్నారు, కొందరు ఇంటికి పంపే సామాను పెట్టెల్లో సర్దుతున్నారు.

నేను మెట్టు మీద కూర్చుంటే ఒకావిడ పిలిచి అట్ట మీద చోటిచ్చింది. మాంసం తిననని తెలిసి అరటాకులో చుట్టిన కొబ్బరిపాల అన్నం ముద్ద విప్పి ఇచ్చింది, దాన్ని 'సుమన్' అంటారట. ఒక్కదాన్నే వచ్చానని చెబితే, "నేనూ పదకొండేళ్ళ కిందట ఒక్కదాన్నే వచ్చా" అంది. కొడుకు కాలేజీలో ఉన్నాడు, వాడికి ఏడేళ్ళప్పుడు వదిలి వచ్చిందట. ఫోటో చూపించింది. నాలుగు రోజుల ఒంటరితనానికి నేను ఇంటి దగ్గర ఎంత హడావిడి చేశానో గుర్తొచ్చి, ఆవిడ చెయ్యి పట్టుకుని కాసేపు అలాగే కూర్చున్నాను.

ఊరంతా కనిపించే విక్టోరియా పీక్ కొండ అందరూ చూసేదే, నేనూ చూశాను. కొండ ఎక్కే పీక్ ట్రాం క్యూ పొడవుగా ఉంటే 15వ నంబరు బస్సు ఎక్కండి. పైన టికెట్టు పెట్టి డాబా ఎక్కక్కర్లేదు, లుగార్డ్ రోడ్ వెంట పావుగంట నడిస్తే అదే దృశ్యం చెట్ల మధ్య నుంచి ఉచితంగా కనిపిస్తుంది.

మంగళవారం విమానం సాయంత్రం. పొద్దున్న ఇంకొకసారి పడవలో అవతలికి దాటి, పదికి పది నిమిషాలుండగా ఎస్కలేటర్ మొదట్లో నిలబడ్డాను. దిగే జనం పలచబడ్డారు. మెట్లు ఆగాయి. పనివాడొకడు మీద ఎవరూ లేరని పైదాకా చూసి వచ్చాడు. నా పక్కన కూరగాయల సంచులతో ముగ్గురు నలుగురు పెద్దవాళ్ళు, చిన్నపిల్లను ఎత్తుకున్న ఒక తాతయ్య. ఎవరికీ తొందర లేదు. చిన్న కుదుపుతో మెట్లు పైకి కదిలాయి. తాతయ్య ముందు ఎక్కాడు, ఆయన భుజం మీంచి పిల్ల నన్నే చూస్తుంటే, నేనూ ఎక్కాను.