ఒత్తుకు చోటు

ఈ నెలాఖరులోగా వ్యాసం అందకపోతే నా పేజీని ఐదో బెంచీ వాళ్లకు ఇచ్చేస్తానని మన పూర్వ విద్యార్థుల సంచిక కార్యదర్శి ఫోనులో గట్టిగా చెప్పాడు. హెడ్మాస్టారి గొడుగు సంగతీ, విహారయాత్రలో పులిహోర డబ్బా సంగతీ ఎవరో ఒకరు తప్పక రాస్తారు కనుక వాటి జోలికి నేను పోవడం లేదు. నాకు మన బడి అంటే ఒత్తుల మాస్టారే. తొమ్మిదో తరగతిలో ఆయన చెప్పిన చేతిరాత పాఠమే తరవాత నా ఉద్యోగంలోకి వచ్చింది.

మీ అందరికీ ఆ శనివారం పీరియడు గుర్తుండే ఉంటుంది. ఆయన నల్లబల్ల మీద ‘వ’ రాసి, దాని పక్కన కొమ్ము తగిలించి, ఏమైందని అడిగేవారు. ‘మ’ అయిందనేవాళ్లం. తుడిచేసి, ఈసారి కొమ్మును ‘వ’ అడుగునుంచి మొదలుపెట్టి కుడివైపుకు లాగేవారు, అప్పుడది ‘వు’. ‘ద’ తరవాత ‘ధ’, ఆ తరవాత ‘థ’ రాసి, ఆ ఒక్క గీతా, ఆ ఒక్క చుక్కా చెరిగిపోతే మాటే మారిపోతుందని చూపేవారు. ఆ పైన గీతల పుస్తకంలో వరస విడిచి వరస రాయించేవారు. కాగితం దండగ కదండీ అని మన లీడరు అడిగినప్పుడు ఆయన కోప్పడలేదు. “ఒత్తుకు చోటివ్వనివాడు ఒత్తు రాయనట్టే” అన్నారు. తరవాత స్త్రీ, రాష్ట్రం, ఉష్ట్రం, జ్యోత్స్న, చివర కార్త్స్న్యం డిక్టేషను చెప్పారు. ఆ చివరి మాట ఎంతమందిమి తప్పు లేకుండా రాశామో ఇక్కడ రాయనక్కరలేదు.

తరవాతి చదువులూ, తిరిగిన ఊళ్లూ వదిలేస్తున్నాను. బెంగళూరులో, లినక్సు అనే కంప్యూటరు నిర్వహణ వ్యవస్థ మీద నడిచే ఒక డెస్క్‌టాప్ వ్యవస్థకు భారతీయ భాషల పని చూసే బృందంలో చేరాను. తెలుగు ఎంచుకున్నవారికి మెనూలు, కిటికీల పేర్లు, ఫైళ్ల పేర్లు ఏ ఫాంటులో, అంటే ఏ అక్షరరూపంలో, కనిపించాలో తేల్చే పని నా బల్ల మీదికి వచ్చింది. నచ్చకపోతే ఎవరి ఫాంటు వారే మార్చుకోవచ్చు కదా, ఇందులో తేల్చడానికి ఏముందని చాలామంది అంటారు. కానీ కంప్యూటరు కొన్నవారిలో ఎక్కువమంది ఆ అమరిక ఎక్కడుందో కూడా వెతకరు. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చినప్పుడు తెర మీద తెలుగంటే ఎందరికో గౌతమి రూపమే. 2012లో విండోస్ 8తో నిర్మల యూఐ వచ్చాక అది నిర్మల రూపమైంది. డిఫాల్టుగా, అంటే ముందే అమర్చి పెట్టినదే జనం కంటికి అలవాటైన లిపి అవుతుంది. అందుకే ఆ పనిని నేను చిన్నపనిగా ఎన్నడూ చూడలేదు.

మా ముందు మంచి ఫాంట్లే ఉన్నాయి. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు తయారుచేసి అందరికీ స్వేచ్ఛగా ఇచ్చిన పోతన, వేమన అప్పటికే లినక్సు రకాల్లో ఒకటైన డెబియన్‌లో ఉన్నాయి. రెడ్ హ్యాట్ సంస్థ విడుదల చేసిన లోహిత్ ఉంది. అమెరికాలోని తెలుగువారి సంస్థ సిలికానాంధ్ర చొరవతో వచ్చిన మండలి, సురవరం, రామభద్ర వంటివి ఉన్నాయి. గూగుల్ వారి నోటో ఉంది. పుస్తకంలా చదువుకోవడానికి ఇప్పటికీ నాకు పోతనే ఇష్టం. శీర్షికకు రామభద్ర అందమే వేరు. అయితే మెనూలో అందంకన్నా ముందు చూడవలసింది ఇరుకులో అక్షరం ఎలా నిలుస్తుందన్నది. అంగుళానికి 96 పిక్సెళ్లు (చుక్కలు) ఉండే మామూలు తెర మీద 10 పాయింట్ల అక్షరానికి నిలువునా దొరికేది సుమారు 13 పిక్సెళ్లు. ఇంగ్లీషు అక్షరానికి అది ధారాళంగా సరిపోతుంది. మన ‘స్త్రీ’కి అదే జాగాలో పైన గుడిదీర్ఘం, నడుమ ‘స’, కింద తవత్తు, దానికి తోడు రవత్తు పట్టాలి.

పరీక్షకు ఏ మాటలు పెట్టాలని సహోద్యోగులు అడిగినప్పుడు నేను వేరే వెతకలేదు, ఒత్తుల మాస్టారి డిక్టేషను మాటలు వరసగా టైపు చేశాను. ‘కార్త్స్న్యం’లో ఒక్క ‘ర’ను ఆనుకొని త, స, న, య నాలుగు ఒత్తులు రావాలి. తెరను పెద్దది చేసి చూస్తే ఒక ఫాంటులో చివరి ఒత్తు మెనూ వరస అంచున తెగిపోయింది. మరొకదానిలో నాలుగూ కలిసి ఒకే మసక మచ్చగా మారాయి. ఒత్తులన్నీ విడివిడిగా చక్కగా కనిపించిన ఇంకొక ఫాంటు పెడితే ప్రతి వరసా ఎత్తు పెరిగి, సగం మెనూ తెర దిగువకు జారిపోయింది. వరస ఎత్తును వ్యవస్థ లెక్కగట్టేది ఫాంటులో రాసి ఉన్న ఎగువ, దిగువ కొలతలను బట్టే కనుక ఈ చిక్కుకు మూలం అక్కడే ఉంది. ఆ కొలతలు పెంచితే మెనూ వరసలన్నీ లావెక్కుతాయి, తగ్గిస్తే ఒత్తు తెగుతుంది. నోటోలో ఇదే అవసరానికి తెలుగు యూఐ అని ఒత్తులు ఇరుకులో ఇమిడేలా నిలువు కొలతలు కుదించిన ప్రత్యేక రూపం ఒకటి ఉంది. మెనూలకు దానినే పెట్టాలని, చదివే పాఠానికి కొలత తగ్గించని రూపం ఉండాలని నేను వాదించాను.

ఫాంట్ల వరస క్రమం మరొక ముఖ్యమైన విషయం. ఏ భాషకు ముందు ఏ ఫాంటు వెతకాలో లినక్సులో ఫాంట్లు ఎంచే ఉపకరణం ఫాంట్‌కాన్ఫిగ్ చూస్తుంది. తెలుగు ఫాంటులో ఇంగ్లీషు అక్షరాలు కూడా ఉండి, దానిని అన్నిటికన్నా ముందు పెడితే, తెలుగు మెనూలోని ఇంగ్లీషు పేర్లూ అంకెలూ దాని రూపంలోకే వెళ్లిపోయి మిగిలిన తెరతో పొత్తు కుదరదు. కనుక ఇంగ్లీషు ఫాంటును ముందుంచి, అందులో లేని తెలుగు అక్షరాలకు మాత్రమే మా ఎంపిక పలికేలా అమర్చాం. చివరకు నా ప్రతిపాదననే బృందం ఒప్పుకుంది. ఈరోజు ఆ డెస్క్‌టాప్ తెరిచి తెలుగు ఎంచుకున్న ఏ పిల్లకైనా ‘రాష్ట్రం’ కింద రవత్తు తెగకుండా కనిపిస్తుంది. ఇంతకంటే పెద్ద ఉద్యోగాలు మనవాళ్లు ఎందరో చేస్తున్నారని తెలుసు. అయినా ఈ పని చేసినందుకు నాకు నిండైన సంతోషం ఉంది.

మిత్రులకు ఒక విన్నపం. మా పరీక్ష మాటల్లో ఇంకా కొరత ఉంది. మాస్టారు ‘చ’, ‘జ’ల మీద చిన్న గుర్తు పెట్టించి ‘ౘాప’, ‘ౙాము’ వంటి మాటలు రాయించేవారు; ఆ ౘ, ౙలు 2008లోనే, కంప్యూటర్లలో అన్ని భాషల అక్షరాలకూ సంకేతాలిచ్చే యూనికోడులో చేరినా వాటితో నా దగ్గర సరిపడినన్ని మాటలు లేవు. బండి ‘ఱ’ మాటల జాబితా కూడా ఒకటి ఇచ్చారు, నా పుస్తకం ఇల్లు మారినప్పుడు పోయింది. మీలో ఎవరింట్లోనైనా ఆ తొమ్మిదో తరగతి చేతిరాత పుస్తకం ఉంటే సమావేశానికి తీసుకురండి. ఫోటోలు తీసుకొని, ఆ మాటలన్నీ పరీక్షలో చేరుస్తాను.