కనిపెట్టుకొని ఉండటం: 27వ కీర్తన నుంచి కొన్ని మాటలు

బైబిల్లో 27వ కీర్తన ఎప్పుడు చదివినా 13వ వచనం దగ్గర ఆగిపోతాను. "సజీవుల దేశమున నేను యెహోవా దయను పొందుదునన్న నమ్మకము నాకు లేనియెడల నేనేమవుదును?" అంటాడు దావీదు. నిజానికి హెబ్రీలో ఈ వాక్యం పూర్తే కాదు. నేను నమ్మకపోయి ఉంటే... అని అక్కడితో వదిలేశాడు, ఏమైపోయేవాడో చెప్పలేదు, ఆ "నేనేమవుదును" అన్నది మనకి అర్థం కావాలని అనువాదం చేసినవాళ్ళు కలిపిన మాట. నాకు మాత్రం ఆ సగంలో ఆగిపోవడమే గుండెకి తగులుతుంది, ఎందుకంటే కష్టంలో ఉన్న మనిషి మాట్లాడితే అలాగే ఉంటుంది కదా, మధ్యలో గొంతు పూడుకుపోతుంది, మిగతాది పక్కనున్నవాళ్ళు అర్థం చేసుకోవాల్సిందే.

మొత్తం 14 వచనాలే ఈ కీర్తన. కానీ దాంట్లో ఏమేం ఉన్నాయో చూడండి. చుట్టూ దండు దిగింది, శత్రువులు మీదకొస్తున్నారు, అమ్మానాన్న వదిలేసినా అనే మాట కూడా వచ్చేస్తుంది, అబద్ధ సాక్ష్యం చెప్పేవాళ్ళు లేచారు. వీటన్నిటి మధ్యలో కూర్చుని ఈయన అడిగిన ఒక్క వరం ఏంటంటే, 4వ వచనంలో ఉంది, "యెహోవా ప్రసన్నతను" చూడాలట! హెబ్రీలో అక్కడున్న మాట నోఅమ్. అందం, మాధుర్యం, మనసుకి హాయినిచ్చేది అని దాని అర్థం. అలాగే 13లో దయ అని మనం చదువుకునే మాటకి అసలు అర్థం మంచితనం. ప్రాణం మీదకొచ్చినప్పుడు ఎవరైనా కాపాడు, తప్పించు అంటారు, అది ఆయనా అడిగాడు, కానీ దానికంటే ముందు నీ అందం చూడనివ్వు అన్నాడు. చాలా ఏళ్ళు నేను ఆ వచనం పట్టించుకోకుండా దాటేశాను.

ఇంకొకటి, ఆ మంచితనం ఎక్కడ చూస్తానంటున్నాడు? సజీవుల దేశంలో. అంటే ఇక్కడే, ఊపిరి ఉన్నప్పుడే, నిద్ర లేచి ముఖం కడుక్కుని మళ్ళీ అదే సమస్య ముందు నిలబడే ఈ బతుకులోనే. పరలోకం మీద నాకు పూర్తి నమ్మకం ఉంది, కానీ ఈ వచనం ఆ మాట చెప్పట్లేదు.

మా అమ్మ జబ్బుపడి మంచం మీద ఉన్న రోజుల్లో రాత్రుళ్ళు నాకు ప్రార్థన వచ్చేది కాదు. మోకాళ్ళ మీద కూర్చుంటే ప్రభువా అనే ఒక్క మాట తర్వాత ఇంకేమీ ఉండేది కాదు. అలాంటి ఒక తెల్లవారుజామున, అప్పుడే చీకటి విడుతోంది, కిటికీలోంచి సన్నగా వెలుగొచ్చి అమ్మ చేతి మీద పడింది, ఆ చెయ్యి ఎంత ముడతలు పడిపోయిందో అప్పటివరకు సరిగ్గా చూడనే లేదు, నన్ను పెంచిన చెయ్యి కదా అది, అలా చూస్తూ ఉండిపోయాను, ఇంతలో అమ్మ కళ్ళు తెరిచి "ఏమైనా తిన్నావా" అంది. మాట్లాడే ఓపిక కూడా లేని మనిషి. జబ్బు ఏమీ తగ్గలేదు ఆ రోజు, రిపోర్టులు కూడా మారలేదు. కానీ దేవుడు ఆ గదిలో ఉన్నాడని నాకు తెలిసింది, ఎలా అని అడిగితే ఆ రెండు మాటలే చూపించగలను.

ఇది చదివి ఎవరైనా బాధలో ఉన్నవాళ్ళ దగ్గరికెళ్ళి "మేలులు లెక్కపెట్టుకో" అని మాత్రం అనకండి, దయచేసి. అది వాళ్ళంతట వాళ్ళకి కనబడాలి. పక్కన కూర్చోండి చాలు. దావీదు కూడా ఆ కీర్తనలో మొరపెట్టాడు, నన్ను విడిచిపెట్టకు అని బతిమాలాడు, ఆ ఏడుపు తీసేసి వెలుగు మాటలే ఉంచుకుంటే అది ఆయన కీర్తన కాదు.

14వ వచనంలో "యెహోవా కొరకు కనిపెట్టుకొని యుండుము" అని రెండుసార్లు ఉంటుంది. మందిరంలో ఈ మాట వింటే ఎదురుచూడటం అనే అనుకుంటాం. కానీ ఇంట్లో ఎలా వాడతాం మనం? "పిల్లాణ్ణి కాస్త కనిపెట్టుకుని ఉండు" అంటాం. అంటే కన్ను వేసి ఉంచు, వాడు కదిలితే నీకు తెలియాలి అని. ఎప్పుడో వచ్చే జవాబు కోసం కళ్ళు మూసుకుని కూర్చోవడం నాకు చేతకాదు గానీ, పసివాణ్ణి చూసుకున్నట్టు ఈ రోజంతా ఆయన ఎక్కడ కదులుతున్నాడా అని చూస్తూ ఉండటం, అది నీరసంగా ఉన్న రోజు కూడా కొంచెం చేయగలను. కొన్ని రోజులు ఏమీ కనబడదు, అదీ నిజమే.

ఆ నోఅమ్ అనే మాట నుంచే ఒక పేరు వచ్చింది, నయోమి. బైబిల్లో రూతు గ్రంథంలో ఉంది ఆవిడ కథ. భర్త పోయి, ఇద్దరు కొడుకులూ పోయి, మోయాబు నుంచి బేత్లెహేముకి తిరిగొచ్చినప్పుడు ఆవిడ నన్ను నయోమి అనకండి, మారా అనండి అంది. మారా అంటే చేదు. దేవుడు నన్ను వట్టి చేతులతో తీసుకొచ్చాడు అని ఊరందరి ముందు చెప్పింది, అప్పుడు ఆవిడతో వచ్చిన కోడలు రూతు పక్కనే ఉంది! ఆ పిల్ల ఆ మాట విని ఏమనుకుందో అని నేను చాలాసార్లు అనుకున్నాను. వాళ్ళు ఊళ్ళో అడుగుపెట్టేసరికి యవల కోత మొదలవుతోందని కూడా అక్కడే రాసి ఉంది. నయోమిని నేను తప్పుపట్టను, అంత దుఃఖంలో పక్కనున్న మనిషి కూడా కనబడదు, దేవుడు కూడా ఆవిణ్ణి ఒక్క మాట అనలేదు. తర్వాత రూతుకి ఓబేదు పుట్టాడు, నయోమే వాణ్ణి ఒళ్ళో పెట్టుకుని పెంచింది. ఓబేదు కొడుకు యెష్షయి, ఆయన కొడుకు దావీదు. నీ నోఅమ్ చూడాలి ప్రభువా అని పాడింది ఆ ఇంటి పిల్లవాడే.

ఆవిడ అంతగా అడిగినా రూతు గ్రంథం 4 అధ్యాయాల్లో ఒక్కరు కూడా ఆవిణ్ణి మారా అని పిలవలేదు. బిడ్డ పుట్టినప్పుడు ఇరుగుపొరుగు స్త్రీలు నయోమికి కొడుకు పుట్టాడు అనే అన్నారు.