పేరు తెలియని జవానుకి పగలూ రాత్రీ పహరా

వాషింగ్టన్ వెళ్లినవాళ్లంతా చూసేవే మేమూ చూశాం. వైట్ హౌస్, లింకన్ మెమోరియల్, మ్యూజియాలు. వాటి గురించి కొత్తగా రాయడానికి ఏమీ లేదు. నదికి అవతల ఆర్లింగ్టన్ సైనిక శ్మశానవాటికలో చూసింది మాత్రం ఇప్పటికీ కళ్లముందే ఉంది.

బ్లూ లైన్ మెట్రో దిగితే గేటు దగ్గరే. ప్రవేశం ఉచితం. కానీ గుట్ట మీదికి తిప్పే బండికి టికెట్లంటే, ఇంటిల్లిపాదికీ కలిపి రూపాయల్లో లెక్కేసుకునేసరికి గుండె గుభేలుమంది. జూలై ఎండలో నడిచే వెళ్లాం. "శ్మశానం చూడ్డానికి ఇంత ఎండలోనా?" అని మా ఆవిడ దారి పొడవునా సణుగుతూనే ఉంది.

పైన తెల్లని పాలరాతి సమాధి. మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయి, ఎవరో గుర్తుపట్టలేకపోయిన ఒక సైనికుణ్ణి 1921 నవంబరు 11న అక్కడ పూడ్చారు. తర్వాత రెండో ప్రపంచ యుద్ధం, కొరియా, వియత్నాంల నుంచి ఒక్కొక్కరిని తెచ్చారు. వియత్నాం నుంచి వచ్చినతను ఎవరో 1998లో డీఎన్‌ఏ పరీక్షలో తేలింది. ఇంటివాళ్లకు అప్పగించి, ఆ చోటు ఖాళీగానే ఉంచేశారు.

సమాధి ముందు ఒకే ఒక్క జవాను. అంత ఎండలోనూ మందపాటి ఉన్ని యూనిఫాం. నల్లటి చాప మీద 21 అడుగులు వేస్తాడు, తూర్పుకు తిరిగి 21 సెకన్లు నిలబడతాడు, మళ్లీ తిరిగి అన్నే సెకన్లు ఆగి వెనక్కి నడుస్తాడు. మన రిపబ్లిక్ డేకి 21 తుపాకుల వందనం ఉంటుందే, ఆ లెక్కే ఇది. తిరిగిన ప్రతిసారీ రైఫిల్ భుజం మారుస్తాడు. ఎటు నడిచినా అది జనం వైపే ఉండాలి, సమాధికీ మనకీ మధ్య. అతని చేతి మీద హోదా గుర్తేమీ లేదేమని అడిగితే అల్లుడు చెప్పాడు: లోపలున్నవాళ్లు ఏ హోదాలో చనిపోయారో తెలియదు కదా మామయ్యా, వాళ్లకంటే పైవాడిలా కనిపించకూడదని.

డ్యూటీ మారేటప్పుడు అందరినీ లేచి నిలబడి మౌనంగా ఉండమన్నారు. వచ్చిన అధికారి తెల్లని చేతితొడుగులతో కొత్త జవాను రైఫిల్ అందుకుని, అటూ ఇటూ తిప్పి, అంగుళం అంగుళం తడిమి చూశాడు. తర్వాత ఒక గుంపు గట్టిగా నవ్వుతుంటే, నడుస్తున్న జవాను ఆగి, మౌనం పాటించమని గర్జించాడు. నాకే ఒళ్లు జలదరించింది.

1937 నుంచి ఆ కాపలా ఒక్క పూట కూడా ఆగలేదట. గేట్లు మూసేశాక, చూసేవాడు ఒక్కడూ లేని అర్ధరాత్రి కూడా ఒకరు అక్కడ ఉంటారు. అక్కడే నా మనసు ఆగిపోయింది. మన దగ్గర గౌరవ వందనం అనగానే మంత్రిగారు కారు దిగడం, పోలీసులు వరుస కట్టడం గుర్తొస్తాయి. పదవిలో ఉన్నవాళ్లకి జరిగే మర్యాద అది. ఇక్కడ ఆ మర్యాదంతా తిరిగి ఏమీ ఇవ్వలేనివాడికి, కనీసం పేరైనా లేనివాడికి.

మాది సూర్యాపేట దగ్గర. 2020 జూన్‌లో గల్వాన్‌లో అమరుడైన కర్నల్ సంతోష్‌బాబును సైనిక లాంఛనాలతో సాగనంపిన రోజు మా వైపు ఏడవని ఇల్లు లేదు. ఆయనకి ఊరుంది, పేరుంది, దండ వేసేవాళ్లున్నారు. ఎవరి కొడుకో తెలియకుండా పోయినవాడికి ఆ దండ ఎవరు వేస్తారు? ఆర్లింగ్టన్‌లో ఆ పని దేశం తన మీద వేసుకుంది. సణుగుతూ వచ్చిన మా ఆవిడే ఇంకోసారి డ్యూటీ మారేదాకా ఉందామంది. అరగంటకోసారి మారుతుంది కాబట్టి ఉన్నాం. మ్యూజియం ఒకటి పోయింది, పోనీ.

ఢిల్లీలో ఇండియా గేట్ పక్కన 2019లో కట్టిన జాతీయ యుద్ధ స్మారకంలో రోజూ సాయంత్రం ఒక అమరుడి కుటుంబం చేత పుష్పగుచ్ఛం పెట్టిస్తారు. అది నేనింకా చూడలేదు. ఎండలు తగ్గాక తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌కి టికెట్లు చేయించాలి.