జ్ఞాపికగా ఏటికొప్పాక డిబ్బీ: నా అనుభవం

మా ఉద్యోగుల పొదుపు సొసైటీ స్వర్ణోత్సవానికి సభ్యులందరికీ జ్ఞాపికలు చేయించే పని నా నెత్తిన పడింది. కమిటీలో సగం మంది అక్రిలిక్ షీల్డులు చాలన్నారు. ఆర్డరిస్తే వారం తిరక్కుండా వచ్చేస్తాయి, నిజమే. కానీ షీల్డు ఇంటికెళ్లాక అటకెక్కుతుందని అందరికీ తెలుసు. విశాఖలో ఉండి, లక్క పూసిన కర్ర బొమ్మలకు పేరుపడ్డ ఏటికొప్పాకను వదిలేసి ఇంకెక్కడికో పోవడమేమిటని నేను పట్టుబట్టాను. ఆ బొమ్మలకు 2017లోనే జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. 2025 రిపబ్లిక్ డే పరేడ్‌లో మన రాష్ట్ర శకటం మీద ఊరేగినవీ అవే. ఆ మాట చెప్పాక కమిటీ మెత్తబడింది.

ఎలమంచిలి దగ్గర, వరాహ నది పక్కన ఊరు. సొసైటీ ఎంబ్లెమ్ ప్రింటు తీసుకుని వెళ్లాను. అందులో పళ్ల చక్రం, రెండు వరికంకులు, చుట్టూ నినాదం, కింద రిజిస్టర్ నంబరు. లేతు (కర్రను గుండ్రంగా తిప్పుతూ చెక్కే యంత్రం) దగ్గర కూర్చున్న పెద్దాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "సార్, మా మెషిన్ గుండ్రంగా తిరుగుద్ది. మీ బొమ్మేమో అన్నీ మూలలే" అన్నారు.

అసలు డిజైన్ పని అక్కడే మొదలైంది. ఎంబ్లెమ్‌ని కర్ర మీదికి ఎక్కించే ఆలోచన మానేసి, గుండ్రంగా ఉంటూ మా సొసైటీని గుర్తుచేసేది ఏముందా అని చూశాం. పొదుపు సంఘం కాబట్టి చిల్లర వేసుకునే డిబ్బీ! మూతకి చిన్న గాడి, నడుముకి మా జెండా రంగులు, ఆకుపచ్చా పసుపూ, రెండు పట్టీలు. కుంకుమ భరిణె అయితే ఇంకా తేలిక, వాళ్లకి చేయి తిరిగిన పని. కానీ అన్ని మతాలవాళ్లూ ఉన్న సంఘంలో అందరికీ పనికొచ్చేది ఇవ్వాలి కదా.

నమూనా చేస్తుంటే పక్కనే నిలబడి చూశాను. తిరుగుతున్న అంకుడు కర్రకి రంగు కలిపిన లక్క కడ్డీ ఆనిస్తే చాలు, రాపిడి వేడికే కరిగి పట్టీలా చుట్టుకుంటుంది. పైన మొగలి ఆకు ముక్క అదిమి పెడితే అద్దంలా మెరుపు. పసుపు రంగు పసుపు నుంచి, నీలం నీలిమందు నుంచి, రెండూ కలిస్తే ఆకుపచ్చ. ప్రెసిడెంటు గారు లెటర్‌హెడ్ పక్కన పెట్టి "మన ఆకుపచ్చ ఇది కాదే" అన్నారు. ఆకులతో, చెట్ల వేళ్లతో చేసే రంగు సీసాలో దొరికే పెయింటులా ప్రతిసారీ ఒకేలా రాదని నచ్చజెప్పేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. ముందే కాస్త తేడా ఉంటుందని తీర్మానంలో రాసుకుంటే ఈ గొడవ ఉండదు.

అక్షరాలకి లేజర్ వాడాం. లక్క మీద లేజర్ పడితే కరుగుతుంది కాబట్టి డిబ్బీ అడుగున రంగు వేయకుండా ఉత్త కర్ర వదలమన్నాం. అడుగు చదునుగా ఉంటుంది, పని సులువు. అయితే షాపు కంప్యూటర్లో ఫైల్ తెరవగానే ‘స్వర్ణోత్సవం’లో ఒత్తులన్నీ చెదిరిపోయాయి. మనం వాడిన ఫాంటు అక్కడ లేకపోతే ఇంతే. తెలుగు అక్షరాలని కర్వ్స్‌లోకి (అంటే ఫాంటుతో పనిలేని గీతల బొమ్మగా) మార్చి, పీడీఎఫ్ కూడా జతచేసి పంపాలి. అప్పటికీ మొదటి పీస్ ఫొటో తెప్పించుకుని చదివాకే మిగతావి చెక్కమనాలి. రిజిస్టర్ నంబరు వద్దన్నాను. ఎవరూ అడగలేదు కూడా.

 

పెద్ద ఆర్డరైతే నెలల ముందే మాట్లాడుకోవాలి. కర్ర బాగా ఆరాలి, వానాకాలంలో ఆరదు. తొందరపెడితే తర్వాత మూతలు బిగుసుకుపోతాయి. లెక్కకన్నా కొన్ని ఎక్కువ చెప్పండి. అడ్వాన్సుకి రసీదు, చివర్లో బిల్లు సొసైటీ పేరు మీదే తీసుకోండి, ఆడిటర్ మొట్టమొదట అడిగేది అదే.