శాండ్‌బాక్స్‌లో అసలు పరీక్ష

ఆరోగ్య రికార్డులను డిజిటల్‌గా కలిపే కేంద్ర పథకం ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌లో చేరే ఆసుపత్రి సాఫ్ట్‌వేర్ ముందుగా శాండ్‌బాక్స్‌లో, అంటే అసలు రోగుల డేటా లేని పరీక్షా వేదికలో, మూడు మెట్లు దాటాలి: రోగి ఆరోగ్య ఖాతాకు గుర్తింపైన 14 అంకెల ఆభా నంబరును సృష్టించి సరిచూడడం, రికార్డులను లింక్ చేసి పంపడం, రోగి సమ్మతితో బయటి రికార్డులు తెచ్చుకోవడం. మొదటిది త్వరగానే అయిపోతుంది. చిక్కంతా రెండోదాంట్లో.

మన అభ్యర్థనలను అటూ ఇటూ చేరవేసే మిషన్ సర్వర్‌ను గేట్‌వే అంటారు. అది 202 అనే కోడ్ పంపగానే పని అయిపోయిందనుకుంటారు. ఆ కోడ్‌కు అర్థం అభ్యర్థన అందిందని మాత్రమే, అసలు జవాబు తర్వాత మన కాల్‌బ్యాక్ చిరునామాకు, అంటే జవాబు కోసం మనం ముందే ఇచ్చిన వెబ్ చిరునామాకు వస్తుంది. ఆ చిరునామా ఫైర్‌వాల్ వెనక ఉంటే ఎంత ఎదురుచూసినా రాదు. అభ్యర్థనలో పంపే టైమ్‌స్టాంప్ యూటీసీ అనే ప్రపంచ ప్రామాణిక సమయంలోనే ఉండాలి, మన గడియారం పెడితే ఐదున్నర గంటలు తేడా.

నాకు అన్నిటికన్నా భయం పేరు పోలిక దగ్గర. ఒకే ఇంటి ఫోన్ నంబరు మీద ఇద్దరు లక్ష్ములు ఉంటారు, ఒకరి పేరు ఇంగ్లీషులో ఎక్స్‌తో, ఇంకొకరిది కెఎస్‌హెచ్‌తో. అత్త రిపోర్టు కోడలికి లింక్ అయితే మందే మారిపోతుంది! అందుకే పరీక్ష డేటాలో ఇలాంటి జంటలను కావాలనే పెట్టాలి. ఇద్దరు సరిపోలితే ఎవరినీ లింక్ చేయకూడదు.

రద్దయిన సమ్మతితో, గడువు తీరిన సమ్మతితో కూడా అడిగి చూడండి. రెండుసార్లూ రికార్డు రాకూడదు. ఆ తర్వాతే సెక్యూరిటీ ఆడిట్‌కు, కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ గుర్తింపు ఉన్న సంస్థ దగ్గరకు.