నీళ్ల లెక్క నేర్చుకున్న ఏడాది

పదో తరగతి అయ్యాక ఐటీఐలో మేసన్ ట్రేడులో చేరతానని చెప్పినప్పుడు మా నాయన చాలాసేపు మాట్లాడలేదు. పాలమూరు నుంచి వలస వెళ్లి, హైదరాబాదులో ముప్పై ఏళ్లు తాపీ పట్టిన మనిషి. ఆ కష్టం నాకు రాకూడదనే చదివించారు. అవే పనుల్లో మా అమ్మ తట్ట మోసింది, కట్టిన గోడలకు పొద్దునా సాయంత్రమూ నీళ్లు కొట్టింది. తాపీ మాత్రం ఒక్కనాడూ ఆమె చేతికి రాలేదు. నేను ఆ ట్రేడు ఎంచుకోవడానికి అదే కారణం.

కోర్సు ఏడాది. మొదట్లో మాకు సిమెంటు ఇవ్వలేదు. మట్టి మాలుతో ఇంగ్లిష్ బాండ్ గోడ, అంటే ఒక వరుసలో ఇటుకలు పొడవుగా, పై వరుసలో అడ్డంగా పేర్చే గోడ, కట్టడం, గుండు వేసి నిలువునూ రసమట్టంతో మట్టాన్నీ చూసుకోవడం, సార్ తప్పు చూపించాక గోడ విప్పి, ఇటుకలు గీకి మళ్లీ కట్టడం, రోజూ ఇదే పని. మూల దగ్గర పొడవునా సగానికి కోసిన ఇటుకను, అంటే క్వీన్ క్లోజర్‌ను, పెట్టకపోతే పై వరుస సందు కింది వరుస సందు మీదికే వచ్చి గోడ అక్కడ బలహీనపడుతుందని నాలుగుసార్లు విప్పాక గానీ నా చేతికి అర్థం కాలేదు.

అయితే ఆ ఏడాదిలో నన్ను ఎక్కువగా కదిలించింది నీళ్ల పాఠం. ఎండిన ఇటుకను తూచి, 24 గంటలు నానబెట్టి మళ్లీ తూచాం. మామూలు ఇటుక తన బరువులో 20 శాతానికి మించి నీరు పీల్చకూడదు. నానబెట్టని ఇటుక ఆ దాహాన్ని మాలులోని నీటితో తీర్చుకుంటుంది, అప్పుడు సిమెంటు గట్టిపడడానికి నీరు చాలదు. ఇటుకలు తడపనిదే నాయన పని ఎందుకు మొదలుపెట్టేవారు కాదో ఆ రోజు తెలిసింది.

కాంక్రీటులో ఇబ్బంది దీనికి తలకిందులు. నీటికి, సిమెంటుకు నిష్పత్తి 0.5 అనుకుంటే 50 కిలోల బస్తాకు 25 లీటర్లే పోయాలి. అంతకు మించి పోసిన నీరు తరువాత ఆవిరై, కాంక్రీటులో సన్నని రంధ్రాలు మిగిల్చి బలం తగ్గిస్తుంది. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఈ మాట చెబితే నాయన, "నీళ్లు తక్కువైతే మాలు కదలదు బిడ్డా, రెక్కలు పడిపోతయి" అన్నారు. నిజమే. పుస్తకంలో రెక్కల నొప్పికి లెక్క లేదు. కాంక్రీటును అదిలించి సర్దే వైబ్రేటరు యంత్రం ఇవ్వకుండా, నీళ్లు తక్కువున్న గట్టి కాంక్రీటును కూలీల చేత కుక్కించి, నీళ్లు ఎక్కువ పోశారని వాళ్లనే తప్పుపట్టడం అన్యాయమని నా అభిప్రాయం.

చివరిది క్యూరింగ్, అంటే పోసిన కాంక్రీటును తడిగా ఉంచడం. మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, ఫ్లైయాష్ (బొగ్గు బూడిద) కలిసిన పీపీసీ రకం సిమెంటుకు 10 రోజులు కాంక్రీటు తడి ఆరనివ్వకూడదు. ఆరితే సిమెంటు, నీటి మధ్య జరిగే చర్య నిలిచిపోతుంది, తరువాత ఎంత తడిపినా పోయిన బలం పూర్తిగా తిరిగి రాదు. ఆ పాఠం విన్న రాత్రి హాస్టల్ నుంచి అమ్మకు ఫోన్ చేసి, పైపు పట్టుకుని ఆమె నిలబడ్డ ఒక్కొక్క ఇంటి పేరూ అడిగాను. ఆమె పదకొండు ఇళ్లు చెప్పింది. మేస్త్రీ కూలిలో సగం కూడా ఇవ్వని ఆ పని వల్లనే వాటి స్లాబులకు రావలసిన బలం వచ్చిందని ఆమెకు వివరించాను.