మోచేతిని మడిచే కండరం ఏ పక్షానిది?

మోచేతిని 90 డిగ్రీలు మడిచి, బొటనవేలు పైకి ఉండేలా పిడికిలి బిగించండి. రెండో చేత్తో ఆ మణికట్టును కిందికి నొక్కుతూ, ఈ చేతిని పైకి లేపబోండి. ముంజేతి మీద బొటనవేలి వైపు తాడులా తేలేదే బ్రాకియోరేడియాలిస్. పని చూస్తే మోచేతిని మడిచే కండరం. కానీ దానికొచ్చేది రేడియల్ నరం, అంటే చేతిని చాచే కండరాల నరం. ఈ తిరకాసు విడిపోవాలంటే చేప రెక్క దగ్గరికి వెళ్లాలి.

బొచ్చె గానీ శీలావతి గానీ కొన్నప్పుడు, మొప్పల మూత వెనకాలే ఉండే రెక్కను, దాన్ని మోసే నెలవంకలాంటి ఎముకతో సహా కోయించుకోండి. రెక్కను మొదలు దగ్గర తెగ్గోస్తే కండ ఒంటికే ఉండిపోయి చేతికి వట్టి పుల్లలొస్తాయి. ఉడికించినా లాభం లేదు, కండను పట్టి ఉంచే కొలాజెన్ కరిగి పొరలు విడిపోతాయి. పచ్చి ముక్క మీద చర్మం ఒలిస్తే ఎముకకు బయట ఒక కండ, లోపల ఒక కండ కనిపిస్తాయి. పట్టకారుతో బయటిది లాగితే రెక్క విచ్చుకుంటుంది, లోపలిది లాగితే ఒంటికి ఆనుకుంటుంది. ఒక్కోదాంట్లో పొరలున్నా పక్షాలు మాత్రం రెండే: ఒకటి పైపక్షం, ఇంకోటి కిందిపక్షం.

కండగల రెక్కలుండే సీలకాంత్, లంగ్‌ఫిష్ అనే చేపల్లో ఈ కండలు ఒంటి దగ్గరే ఆగిపోకుండా ఎముకల వెంట రెక్క లోపలికి సాగాయి. నేల మీది జంతువుల్లో అవి కీలు కీలుకీ తెగి డజన్ల కండరాలయ్యాయి. పైపక్షం చాచేవి, కిందిపక్షం మడిచేవి. మన చేతిలో రేడియల్, ఆక్సిలరీ నరాలు పైపక్షానివి. మీడియన్, అల్నార్, మస్కులోక్యుటేనియస్ కిందిపక్షానివి. కండరం చోటు, పని మారినా నరం చాలావరకు మారదు. బ్రాకియోరేడియాలిస్ కూడా పైపక్షంలో పుట్టి, మోచేతి కీలుకు ముందుగా జరిగింది కాబట్టే మడిచే పనిలో పడింది.

అయితే నరం ఒక్కటే సాక్ష్యం కాదు. మోచేతిని మడిచే మరో కండరం బ్రాకియాలిస్ కిందిపక్షానిదే అయినా చాలామందిలో దాని బయటి అంచుకు రేడియల్ కొమ్మ ఒకటి వస్తుంది. అందుకే పిండాన్ని కూడా చూడాలి. కౌజుపిట్ట పిండంలోని సోమైట్లను (వెన్ను పక్కన వరుసగా ఉండే కణాల ముద్దలను) కోడి పిండంలో నాటి 1970లలో చేసిన ప్రయోగాలు తేల్చిందేమిటంటే, కాళ్ల, రెక్కల కండర కణాలు ఈ సోమైట్ల నుంచి వలస వస్తాయి; ఎముకలు, స్నాయువులు (కండను ఎముకకు కట్టే నారలు) అక్కడికక్కడే తయారవుతాయి. కౌజుపిట్ట కణ కేంద్రకాలు రంగు వేస్తే ముద్దగా కనిపిస్తాయి కాబట్టి ఏది ఎవరిదో తెలుస్తుంది. పైపక్షానికి గుర్తు వేసేది ఎల్‌ఎంఎక్స్1బి జన్యువు. అది లేని ఎలుకల పాదాలకు రెండు వైపులా అరికాలి పోలికే వస్తుంది.

శిలాజాల్లో కండ మిగలదు. 2004లో కెనడాలోని ఎల్స్‌మియర్ దీవిలో దొరికిన, సుమారు 37.5 కోట్ల ఏళ్ల నాటి, చేపకూ నాలుగు కాళ్ల జంతువుకూ నడిమి జీవి అయిన టిక్టాలిక్‌కైనా ఎముక మీది గట్లు, గుంటలే ఆధారం. ఇక్కడ తరచూ జరిగే పొరపాటు ఒకటుంది: ఎముక మీద మచ్చ లేదు కాబట్టి అక్కడ కండరం లేదనుకోవడం. స్నాయువుతో అతుక్కున్నది గట్టు వదులుతుంది గానీ, నేరుగా కండతోనే అతుక్కున్నది చాలాసార్లు జాడే వదలదు. అటు లంగ్‌ఫిష్‌ను, ఇటు బల్లిలా కనిపించే ఉభయచరం సాలమాండర్‌ను పెట్టుకుని, రెండింట్లోనూ ఉన్న కండరాన్నే ధైర్యంగా మధ్యదానికి అతికించాలి.

కాలి దగ్గర ఇంకో తికమక. పిండంలో కాలు లోపలి వైపుకు తిరుగుతుంది, చెయ్యి బయటి వైపుకు. అందుకే మోచేతిని చాచే ట్రైసెప్స్ వెనకుంటే, మోకాలిని చాచే క్వాడ్రిసెప్స్ తొడ ముందుకొచ్చింది. దానికొచ్చే ఫెమోరల్ నరం మాత్రం పైపక్షం శాఖలదే.